పైడిరాజు గురించి నా సాక్ష్యం

"మీకు మైల లేదు కదండి," అన్నాడు పైడిరాజు, బకెట్టు నా చేతికిస్తూ. పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినంత మామూలుగా ఇచ్చాడు.

అప్పటికి నేను అంబులెన్సులో చేరి ఎంతో కాలం కాలేదు. వెనక రోగిని చూసుకునే ఈఎంటీని నేను, బండి నడిపే పైలట్ పైడిరాజు. మా షిఫ్టులో బండికి మేమిద్దరమే. ఆ రోజు బైపాసు మీద లారీ గుద్దిన ఒక పెద్దాయన్ని ఎక్కించుకున్నాం. ఆస్పత్రి గేటు కనిపిస్తుండగా ఆయన ప్రాణం పోయింది. అప్పగించి వచ్చి చూస్తే బండి లోపలంతా రక్తం. కడగాల్సింది ఇద్దరం. పైడిరాజు మాత్రం చెప్పులు విప్పేసి, ఆ పక్కనున్న కుళాయి కింద తల పెట్టేశాడు. "నాను తానం సేత్తేగానీ స్టీరింగు ముట్టుకోనండి. మీరు కిరస్తానీలు, మీకలాటివేటీ ఉండవు కదా," అన్నాడు నీళ్ళ కింద నుంచే. అందులో వెటకారం లేదు. అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది. వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు.

కడగడం నాకు కొత్తేమీ కాదు. మా ఇంట్లో గిన్నెలు నేనే కడుగుతాను, మెట్లు నేనే కడుగుతాను, మామగారు మంచం పట్టినన్నాళ్ళూ ఆయన దుప్పట్లు నేనే ఉతికాను. ఆదివారం ప్రేమవిందు అయ్యాక చర్చి డేగిసాల ముందు కొంగు బిగించేదీ నేనే. ఇంట్లో దాన్ని బాధ్యత అంటారు. సంఘంలో సేవ అంటారు. ఇక్కడేమో మైల లేకపోవడం అంటున్నారు. పేరు ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకుంటున్నారు గానీ, బకెట్టు మాత్రం తిరిగి తిరిగి నా చేతికే వస్తోంది. మగవాళ్ళ చేతులకు ఏదో ఒక కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, ఒకరికి మైల, ఒకరికి నడుంనొప్పి, ఒకరికి ప్రసంగం తయారీ. ఇవన్నీ ఆ రోజు నేను ఎవరితోనూ అనలేదు. బ్లీచింగు కలుపుకుని, తలుపు దగ్గరికి వేసుకుని, బండి నేల తుడవడం మొదలుపెట్టాను. సగం తుడిచాక, ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నాను కదా అని ప్రార్థన చేసుకున్నాను. ఆ పెద్దాయన పేరు కూడా నాకు తెలియదు. "ప్రభువా, ఆ నీలం గళ్ళ లుంగీ ఆయన," అన్నాను. ప్రభువుకు ఎవరో అర్థమవుతుంది కదా.

అలా మొదలైంది. బండిలో చావు జరిగినా, పురుడు జరిగినా పైడిరాజు కుళాయి దగ్గరికి, నేను బకెట్టు దగ్గరికి. విడ్డూరం ఏమిటంటే, ఇంట్లో నాకు ప్రార్థనకు చోటు దొరకదు. కుటుంబ ప్రార్థనలో మా ఆయన ప్రార్థిస్తారు, మేం ఆమెన్ అంటాం. నేను ఒంటరిగా కళ్ళు మూసుకుంటే చాలు, కుక్కరు కూస్తుంది, లేకపోతే అత్తయ్య మందుబిళ్ళ అడుగుతుంది. ఆ బండి నేల మీద మాత్రం నన్ను ఎవరూ పిలవరు. మైలకు భయపడి ఎవరూ దగ్గరికి రారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "అన్నయ్యా, మైల మీకుండి నాకెందుకు లేదు? మనిషినే కదా నేనూ." పైడిరాజు బుర్ర గోక్కున్నాడు. ఆయనది యలమంచిలి దగ్గర చెరుకు పండించే ఊరు, మాటకు ముందు బుర్ర గోక్కోవడం ఆయన అలవాటు. "మీ పెబువు సచ్చి మూడోనాడు లేచేడంట కదండి. మరలాటప్పుడు మీకు సావు మైలేటి? మాకంటే ఉంటాది," అన్నాడు.

చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. మా ప్రభువును నమ్మనివాడు, నా నమ్మకం ఏమిటో నాకే చెప్పి బీడీ ముట్టించుకున్నాడు. ఆ రోజు నుంచి బకెట్టు బరువు తగ్గిందని మాత్రం చెప్పను. ఇద్దరి పని ఒక్కతే చేస్తే నడుం లాగుతూనే ఉంటుంది. కానీ తుడుస్తున్నప్పుడు ఆ మాట గుర్తొచ్చి నవ్వొచ్చేది.

నా పేరు నూకరత్నం. మాది పూడిమడక. అమ్మ చేపలు అమ్మేది. నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు పెట్టింది. తరవాత నా చిన్నతనంలోనే రక్షణ పొంది, బాప్తిస్మంలో నన్ను రూతును చేసింది. నాన్న మాత్రం ఆఖరి దాకా గంగమ్మకే మొక్కి వల వేశాడు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో తినేవారు. అందుకే నమ్మనివాళ్ళ మధ్య ఎలా ఉండాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. బండిలో నేను బోధించను. కేసు రాగానే తలుపు పిడి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం కళ్ళు మూస్తాను, అంతే. పైడిరాజు ఆ ఒక్క క్షణం ఆగి గేరు వేస్తాడు. ఎప్పుడూ ఆగమని చెప్పలేదు, తనే కనిపెట్టాడు. ట్రాఫిక్కు జామైతే మాత్రం "ఓ మాట మీ పెబువుతో అనండి మరి," అని వెనక్కి కేకేస్తాడు. నిరుడు క్రిస్మస్‌కు మా బండి ఆగే షెడ్డుకు రంగుకాగితం నక్షత్రం కట్టింది ఆయనే, తోకను తలకిందులుగా కట్టాడు.

ఇంటి సంగతికి వస్తే, మా ఆయన ధనరాజు ఒక కంపెనీలో ఎలక్ట్రీషియను. తాగరు, కొట్టరు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ రెండు మాటలు ఎంతమంది నాకు అప్పజెప్పారో, అవి రెండూ ఆయన నాకు పెట్టిన నగలన్నట్టు. ఈ నవంబరులో ఆయన్ని సంఘపెద్దగా ఎన్నుకున్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు. "రూతూ, ఇంక ఇలా కుదరదు. ఆదివారం నువ్వు డ్యూటీ అని బండెక్కితే నేను సంఘంలో ముఖం ఎలా చూపించాలి? సంఘపెద్ద భార్య అంటే స్త్రీల కూడిక నడపాలి. పరాయి మగాడి పక్క సీట్లో ఊరంతా తిరుగుతుంటే నలుగురూ ఏమంటారు?"

"నలుగురూ అంబులెన్సు కావాలంటారు," అన్నాను. ఆయనకు నవ్వు రాలేదు.

డిసెంబరు ఆఖరి ఆదివారం మాకు కృతజ్ఞత కూడిక. ఏడాదిలో దేవుడు చేసిన మేలులు చెప్పి ఒక్కొక్కరూ సాక్ష్యం ఇస్తారు. ఆ రోజు నేను లేచి, ఉద్యోగం వదిలేసి ప్రభువు సేవకు వస్తున్నానని చెప్పాలట. పాస్టరుగారితో అప్పటికే అనేశారట. నాతో చెప్పింది మాత్రం అప్పుడే. సంఘం ముందు ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోలేమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అందుకే అక్కడ అనిపించాలనుకున్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. అన్నం వడ్డించాను. కాదనడానికి నాకు ఎప్పుడూ కాస్త ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యాన్ని మా ఇంట్లో ఒప్పుకోలు కింద జమ కట్టుకుంటారు.

ఆ ఉద్యోగం పోతే నాకు ఏం పోతుందో ఆయనకు చెప్పే మాటలు వెతుక్కున్నాను. జీతం పోతుంది, అది ఆయనకూ అర్థమవుతుంది. కానీ ఎవరింట్లోనో ఎవరో పడిపోతే ఇల్లంతా గొల్లుమంటున్నప్పుడు, నేను లోపలికి అడుగుపెట్టగానే అందరూ పక్కకు జరిగి నాకు దారిస్తారు. "మేడంగారొచ్చేరు, ఎవులూ మాటాడకండి," అంటారు. నా జీవితంలో నేను మాట్లాడితే మిగతావాళ్ళు ఊరుకునే చోటు అదొక్కటే. దాన్ని గర్వం అంటారేమోనని మా ఆయనతో చెప్పలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైడిరాజు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఎన్నేళ్ళుగానో అనుకుని, కూతురికి మూర్ఛలు తగ్గాక మొక్కు తీర్చుకోవడానికి ఇదే మొదటిసారి. నల్లబట్టలు, నుదుట గంధం, కాళ్ళకు చెప్పుల్లేవు. బీడీ మానేశాడు. అందరూ ఆయన్ని స్వామీ అనాలి. నేను తడబడుతుంటే "మీరు ఎప్పుడూ అన్నట్టే అన్నయ్యా అనండి, మీకు ఇబ్బందైతే ఎందుకండి," అన్నాడు తనే. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. నాలుగు రోజులు పోయాక, నేల చూపులు చూస్తూ దగ్గరికొచ్చాడు. "మాతా, తప్పుగా అనుకోకండి. ఆ రోజులప్పుడు... ముందు సీట్లో కూకోకుండా, వెనకనే కూకుంటే..." మిగతాది మింగేశాడు.

ఆ రోజు నాకు ఎంత కోపం వచ్చిందో! రక్తం ఓడుతున్న మనుషుల్ని ఆయనతో కలిసి ఎత్తాను, దించాను. ఇప్పుడు నా ఒంట్లో రక్తానికి సీటు మార్చుకోవాలా? పైగా నేను వెనక కూర్చుంటే చాలు, షెడ్డులో టీ తాగే ప్రతివాడికీ నా నెల తెలిసిపోతుంది. కూర్చున్నాను, వెనకే. రోగి లేని బండిలో, ఖాళీ స్ట్రెచరు పక్కన, కిటికీలోంచి శారదా నది వంతెన చూస్తూ, ఏడుపు మింగుతూ. ప్రార్థన కూడా రాలేదు. ఇంటికెళ్ళి కోపం పట్టలేక మా ఆయనతో చెప్పేశాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదే! ఇదే చెప్పు సాక్ష్యంలో. ముందు సీట్లో కూర్చోవద్దన్నాడని, అంటు అన్నాడని. విగ్రహాలు కొలిచేవాళ్ళ మధ్య ఎంత చీకటి అనుభవించావో, అందులోంచి ప్రభువు నిన్ను ఎలా బయటికి తెచ్చాడో. విన్నవాళ్ళు ఏడుస్తారు చూడు."

నా మొగుడు నా బాధ విన్నాడని ఒక్క నిమిషం సంతోషపడబోయాను. ఆయన విన్నది నా బాధను కాదు, దానితో ఏం చెయ్యొచ్చో అది. వంటగదిలోంచి మా అత్తయ్య లోవలక్ష్మి అప్పుడే కేకేసింది. "ఓలమ్మా రూతూ, నువ్వు ఆవకాయ జాడీ జోలికెళ్ళకు, నానే తీత్తాను. బూజు పట్టెత్తాది." అత్తయ్య మాకంటే ముందు బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆ రోజుల్లో నన్ను జాడీ ముట్టుకోనివ్వదు. అదేమిటంటే "రచ్చన పొందేం గానీ ఆవకాయ పాడుసేసుకుంటామేటి?" అంటుంది. మా ఆయనకు ఆ కేక వినపడింది. ఈ చీకటి గురించి కూడా చెప్పనా సాక్ష్యంలో అని అడుగుదామనుకున్నాను. ఆయన అప్పటికే పాస్టరుగారికి ఫోను కలిపేశారు.

క్రిస్మస్ ఇంక వారంలో ఉందనగా, కొండకర్ల వైపు నుంచి కాన్పు కేసు వచ్చింది. పొద్దున్న పది దాటింది. ఎండ ఇంకా మెత్తగానే ఉంది. ధనశ్రీ అనే పిల్ల, తొలిచూలు. తోడు వాళ్ళమ్మ చిన్నమ్మలు. బెల్లం సీజను, రోడ్డు నిండా చెరుకు ట్రాక్టర్లు. సైరను ఎంత మోగించినా అవి జరిగేంత చోటు లేదు. ధనశ్రీ నా చెయ్యి పట్టుకుని ఒక్క అరుపు అరిచింది. చూస్తే బిడ్డ తల కనిపిస్తోంది. "అన్నయ్యా, పక్కకు ఆపండి!" అన్నాను. చెరుకు తోట పక్కన ఆపాడు. ఎప్పటిలాగే దిగి, తలుపు అవతల వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు. ఏ కాన్పుకైనా అలాగే నిలబడతాడు, ఎవరినీ దగ్గరికి రానివ్వడు.

ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. తుడిచాను, వీపు రుద్దాను, నోరు శుభ్రం చేశాను, అరికాలు తట్టాను. మెత్తగా వేలాడిపోతోంది. బొడ్డు కోసి, చిన్న మాస్కు పెట్టి ఊపిరి అందించడం మొదలుపెట్టాను. ఇంతలో మాయ పడింది. దాని వెనకే రక్తం, ఆగదే! కాన్పయ్యాక కడుపులో గర్భసంచి బంతిలా గట్టిపడాలి. గట్టిపడకపోతే పైనుంచి చేత్తో రుద్దుతూనే ఉండాలి, లేకపోతే తల్లి నిమిషాల్లో చేజారిపోతుంది. ఇంజెక్షను తొడకు పొడిచాను. తల్లి కడుపు మీద ఒక చెయ్యి కావాలి, బిడ్డకు రెండు చేతులు కావాలి. చిన్నమ్మలు కేసి చూశాను. ఆవిడ మూలకు నక్కి, చెంగు నోట్లో కుక్కుకుని గజగజా వణుకుతోంది. పిలిస్తే పలకదు.

"అన్నయ్యా! చేతులు కావాలి!"

పైడిరాజు ఇటు తిరిగాడు. లోపల అంతా చూశాడు. నా చూపు ఆయన మెడలో మాల మీద పడింది, ఆయన చూపూ అక్కడికే దిగింది. నేను ఇంకోసారి పిలవలేదు. పిలిచే హక్కు నాకు ఉందో లేదో కూడా తెలియలేదు. ఒకే ఒక్క క్షణం ఆగాడు, నా ప్రార్థన కోసం ఆగేటంత. మాల పట్టుకుని వీపు మీదకు తోసేసుకున్నాడు. "స్వామియే శరణం అయ్యప్పా," అన్నాడు. చేతితొడుగులు తగిలించుకుంటూ బండిలోకి ఎక్కేశాడు.

"బొడ్డు కింద. గట్టిగా. గుండ్రంగా రుద్దండి, ఆపకండి."

"ఇలాగేనా?"

"ఇంకా గట్టిగా. ఆమె అరిచినా ఆపొద్దు."

"సెల్లెమ్మా, ఓర్సుకోమ్మా, అయిపోయింది, అయిపోయింది," అంటూనే ఉన్నాడు ఆయన. తొడుగులేసిన చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి, నల్లపంచె తడిసిపోయింది, ఒట్టి పాదాలు రక్తంలో ఉన్నాయి. నేను బిడ్డకు ఊపిరి పోస్తున్నాను. ప్రభువా, ప్రభువా, ప్రభువా. ఇంకో మాట రాలేదు. ఆయన అయ్యప్పా అంటున్నాడు. ఎవరి దేవుణ్ణి వాళ్ళం పిలుస్తూ, ఇద్దరం ఒకే పని చేస్తున్నాం. ముందు బిడ్డ ముక్కు చిట్లించింది. తరవాత పిల్లికూనలా ఒక చిన్న శబ్దం. ఆ తరవాత చూడండి ఏడుపు, ఆ ట్రాక్టరు వాళ్ళందరూ దిగి వచ్చేంత ఏడుపు! "గట్టిపడిందండి, బంతిలాగయింది!" అని పైడిరాజు అరిచాడు. చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే గట్టిపడింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. దేవుడు ఉన్నాడని నాకు అంతకుముందూ తెలుసు, కానీ అంత దగ్గరగా, ఆ ఇరుకు బండిలో, మా ఇద్దరి మోచేతుల మధ్య ఉన్నాడని అప్పుడే తెలిసింది.

ఆస్పత్రిలో తల్లినీ బిడ్డనూ అప్పగించాం. ఇద్దరూ బాగున్నారు. బయటికొచ్చి బకెట్టు కోసం వెతికితే కనపడలేదు. చూస్తే పైడిరాజు బండి లోపల మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తున్నాడు.

"అన్నయ్యా, ఒగ్గెయ్యండి. నేను చేస్తాను."

"కూకోండి మీరు." గుడ్డ పిండుతూ అన్నాడు. "మైలెలాగూ అయిపోయింది కదండి. ఇంకో బాల్టీ నీళ్ళకేటి."

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఒక మగాడు నేల తుడుస్తుంటే నేను కూర్చుని చూడటం నా బతుకులో అదే మొదటిసారి. మూల ఎలా వదిలేశాడో, నీళ్ళు ఎలా ఒకవైపే పోశాడో అన్నీ కనిపిస్తున్నాయి, చెప్పలేదు. చెబితే ఎక్కడ లేచిపోతాడోనని భయం.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడు వచ్చాడు, యూనిఫారంలో, కాళ్ళకు చెప్పులతో. మెడ బోసిగా ఉంది.

"మాల ఏదన్నయ్యా?"

"తీసేసేనండి."

"మైలన్నారా?"

"గురుస్వామి ఏటీ అన్లేదండి. తానం సేసి శరణం సెప్పుకుంటే సాలన్నారు, మంచోరు. మాతో వచ్చే స్వాముల్లో కొంతమందికే మనసొప్పలేదు. ఒకే బండిలో అంత దూరం వెళ్ళాలి కదా. నా మూలంగా ఆల్లల్లో ఆల్లు తగువులాడుకోడం ఎందుకని, నానే తీసేసేను." జేబులో బీడీకట్ట తడుముకున్నాడు, మళ్ళీ ఎందుకో మానేశాడు. "వచ్చే ఏడు ఏసుకుంటాను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎన్నేళ్ళ కోరిక, కూతురి మొక్కు. నేను పిలిచాననే కదా.

"మీరేడుత్తారేటండి! కొండెక్కడికి పోతాది? ఆ పసిగుంట పోయేది," అన్నాడు.

ముందు సీటు సంగతికి ఆయన క్షమాపణ అడగలేదు. నిజం చెప్పాలంటే వచ్చే ఏడు మాల వేసుకుంటే మళ్ళీ నేల చూపులు చూస్తూ అదే మాట అంటాడు. ఈసారి నేను వెనక్కి పోయి ఏడవను, ముఖం మీదే చెబుతాను, పోట్లాడతాను. పోట్లాడే చనువు ఇప్పుడు మా ఇద్దరికీ ఉంది. కృతజ్ఞత అంటే ఎదుటివాడి తప్పులన్నీ మాఫీ చెయ్యడం అనుకునేదాన్ని. కాదు. ఆ తప్పు అలా ఉండగానే ఈ మనిషి నాకు దేవుడిచ్చినవాడని తెలుస్తుంది చూడండి, అది.

ఆఖరి ఆదివారం నాకు డ్యూటీ పడింది. అవతలి షిఫ్టు మహేశ్వరరావు అడక్కుండానే మార్చుకున్నాడు. "మీ పండగల్రోజులు కదేటండి, వెళ్ళిరండి," అన్నాడు. ముందురోజు సాయంత్రం మా ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాల్సింది వరసగా అప్పజెప్పారు. మొదట వందనాలు, తరవాత చీకటి, తరవాత ముందు సీటు, తరవాత విడుదల. నేను వింటూ చిక్కుళ్ళు ఒలిచాను. కొండకర్ల కాన్పు గురించి అప్పుడు చెప్పాను. పైడిరాజు మాల తీసేశాడని కూడా చెప్పాను. "అదంతా అక్కడ ఎందుకు? కలగాపులగం అయిపోతుంది. ముందు సీటు దగ్గర ఆపెయ్," అన్నారు.

అప్పుడు కూడా నేను కాదనలేదు. కానీ ఈసారి ఆలస్యం వేరు. ఈసారి నాకు సమాధానం తెలుసు, చెప్పే చోటు కోసం ఆగాను.

చర్చి నిండుగా ఉంది. మా సంఘంలో మైకులు, స్పీకరు పెట్టెలు చూసుకునేది మా ఆయనే, పక్కన బల్ల దగ్గర మీటల ముందు కూర్చున్నారు. నా వంతు రాగానే కళ్ళతోనే లెమ్మన్నారు. మైకు అందుకున్నాను. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు," అన్నాను. ముందు సీటు గురించి చెప్పాను, దాచలేదు. నాకు ఎంత అవమానమైందో, వెనక కూర్చుని ఎలా ఏడ్చానో చెప్పాను. అయ్యో, అయ్యో అన్నారు అక్కలందరూ. మా ఆయన తల ఊపారు. ఆవకాయ జాడీ గురించి కూడా చెప్పాను. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వచ్చింది, అందరికంటే ముందు నవ్వింది మా అత్తయ్యే. మా ఆయన తల ఊపడం ఆగింది.

అప్పుడు ట్రాక్టర్లు, చెరుకు తోట, ఏడవని బిడ్డ. మాల వీపు మీదకు తోసుకుని ఎక్కిన మనిషి. బిడ్డ ఏడ్చింది అనగానే అత్తయ్య అలవాటు కొద్దీ "స్తోత్రం!" అని గట్టిగా అనేసింది, వెంటనే పదిమంది అన్నారు. ఆ మనిషి ఏం పోగొట్టుకున్నాడో చెప్పాను. తరవాత నాకు బకెట్టు ఇవ్వలేదనీ చెప్పాను. పాస్టరుగారు మెల్లగా "ఏ వాక్యం మీద సాక్ష్యమమ్మా?" అని అడిగారు. నాకు ఏ వాక్యమూ గుర్తు రాలేదు. "పైడిరాజు గారి మీదండి," అన్నాను. "ఈ సంవత్సరం దేవుడు నాకు చేసిన మేలు ఆయనే. ఆయన కోసం, ఆ బండి కోసం, ఆ బండిలో నాకిచ్చిన పని కోసం స్తుతిస్తున్నాను. చీకటిలోంచి బయటికొచ్చానని చెప్పమన్నారు. నేనున్నది చీకటిలో కాదు, కాబట్టి..."

అక్కడ మైకు ఆగిపోయింది. బల్ల దగ్గర మా ఆయన చెయ్యి ఇంకా మీట మీదే ఉంది. పెట్టెలు మూగబోయాయి, ఫ్యాన్ల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఒక్క క్షణం పాటు నాలోని ఆ పాత మనిషి అలవాటుగా కూర్చోబోయింది.

మైకు బల్ల మీద పెట్టేశాను. సైరన్ మోగుతుంటే ముందున్నవాడికి వినపడేలా మాట్లాడి మాట్లాడి సాగిన గొంతు నాది. "కాబట్టి నేను ఉద్యోగం మానడం లేదు, రేపు పొద్దున్న ఆరింటికి నాకు డ్యూటీ," అన్నాను. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించింది.